45 పేజీల కోసం 21 నెలలు: ఒక పెద్ద హెల్త్ రిసెర్చ్ ప్రపోజల్‌తో నా అనుభవం

2023 మార్చి చివర్లో మొదలైన పని 2024 డిసెంబర్‌లో, క్రిస్మస్ సెలవులకు రెండు రోజుల ముందు, మూడు పేరాల ఉత్తరంతో ముగిసింది. జరిగిందంతా మనసులో ఇంకా పచ్చిగా ఉండగానే రాసిపెడుతున్నాను. మేం మొదలుపెట్టినప్పుడు ఇలాంటిది ఎవరైనా రాసి ఉంటే కనీసం ఒక పెద్ద తప్పు చేసేవాళ్లం కాదు. ఏ సెక్షన్‌లో ఏం రాయాలో చెప్పే గైడ్లు బోలెడున్నాయి. పదమూడు సంస్థల చేత ఆ సెక్షన్ రాయించడం ఎలా ఉంటుందో చెప్పేది మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు.

మాది హొరైజన్ యూరప్‌లో, అంటే యూరోపియన్ యూనియన్ (ఈయూ) పరిశోధనలకు నిధులిచ్చే పథకంలో, ఆరోగ్య విభాగం కింద వచ్చిన రెండు దశల కాల్ (ప్రపోజల్స్ పంపమని పిలుపు). హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న పెద్ద వయసువాళ్లకు ఇప్పటికే వాడుకలో ఉన్న రెండు చికిత్సా పద్ధతుల్లో ఏది మేలో తేల్చే క్లినికల్ స్టడీ. 9 దేశాలు, 13 సంస్థలు, 840 మంది పేషెంట్లు, అడిగింది 60 లక్షల యూరోలు. మా యూనివర్సిటీయే కోఆర్డినేటర్. సైన్స్ బాధ్యత మా ప్రొఫెసర్‌గారిది. మనుషుల్ని కలపడం, తేదీలు, కాగితాలు, పోర్టల్, అందరి రాతా కలిపి ఒక్కటి చేయడం నాది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా పార్ట్‌నర్లను వెతకడమే సరిపోయింది. నిబంధన ప్రకారం ఈయూ సభ్యదేశాల్లోంచి గానీ ఈ పథకంలో చేరిన ఇతర దేశాల్లోంచి గానీ, మూడు వేర్వేరు దేశాల నుంచి మూడు సంస్థలుంటే చాలు, వాటిలో ఒకటైనా ఈయూ సభ్యదేశానిది కావాలి. కానీ 840 మందిని చేర్చుకోవాలంటే మూడు ఆసుపత్రులు ఏ మూలకు? 31 మందికి మెయిల్ రాశాను, 17 మంది జవాబిచ్చారు, వాళ్లలో 12 మంది చివరికి మాతో నిలిచారు. ఇక్కడ నేను తెలుసుకున్నదేంటంటే, ఒక డాక్టర్ ఫోన్‌లో సంతోషంగా "తప్పకుండా చేద్దాం" అన్నంత మాత్రాన ఆ సంస్థ ఒప్పుకున్నట్టు కాదు. వాళ్ల రిసెర్చ్ ఆఫీసు, వాళ్ల లీగల్ విభాగం, వాళ్ల డైరెక్టర్, అందరూ ఒప్పుకోవాలి. ఒక చోట దానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ ఆ దేశం మాతో ఉందో లేదో తెలియకుండానే పని సాగించాం.

ఇంకో సంగతి, చాలా చిన్నది, కానీ తర్వాత మా చేత పది రోజులు అదనంగా పని చేయించింది. ఒక పార్ట్‌నర్ ప్రొఫెసర్ తన యూనివర్సిటీ పేరుతో చేరారు. స్టడీ నర్సులకు జీతమిచ్చేది ఆ పక్కనే ఉన్న ఆసుపత్రి. రెండూ ఒకే ఆవరణలో ఉంటాయి, బయటివాళ్లకు ఒకే సంస్థలా కనబడతాయి, కానీ చట్టం దృష్టిలో రెండూ వేరు, పోర్టల్‌లో రెండింటికీ వేర్వేరు తొమ్మిదంకెల పీఐసీ నంబర్లు (ప్రతి సంస్థకూ ఇచ్చే గుర్తింపు నంబర్లు). నర్సుల జీతాలు యూనివర్సిటీ లెక్కలో రాసేశాం. 2024 ఫిబ్రవరిలో వాళ్ల అకౌంట్స్ ఆఫీసు చూసి ఇది కుదరదు అంది. అప్పుడు ఆ ఆసుపత్రిని కూడా కాగితాల్లోకి తెచ్చి, ఎవరి ఖర్చు ఎవరిదో మళ్లీ విడదీయాల్సి వచ్చింది. అందుకే మొదటి ఫోన్‌లోనే అడగండి: ఈ పని చేసే మనిషికి నెల నెలా జీతం వేసేది ఏ సంస్థ?

మొదటి దశకు గడువు 2023 సెప్టెంబర్ 19, బ్రస్సెల్స్ సమయం సాయంత్రం 5 గంటలు. రాయాల్సింది పది పేజీలే. పది పేజీలే కదా అని జులైలో తేలిగ్గా ఉన్నాం. ఆగస్టు వచ్చేసరికి యూరప్ మొత్తం సెలవుల్లోకి వెళ్లిపోయింది. ఆగస్టు 7న నేను పంపిన ఒక మెయిల్‌కు గంటలో తొమ్మిది ఆటోమేటిక్ జవాబులు వచ్చాయి, సెప్టెంబర్ 4 తర్వాత కలుద్దామని. ఆ నెలంతా నేనూ ప్రొఫెసర్‌గారూ ఇద్దరమే రాశాం. ఆయన రోజూ పొద్దున ఆరింటికి ఒక పేరా పంపేవారు, నేను రాత్రికల్లా సరిచేసి తిరిగి పంపేదాన్ని. ఇప్పుడు వెనక్కి చూస్తే మొత్తం ప్రయాణంలో నాకు ఎంతో ఇష్టమైన రోజులవే. ఇద్దరే ఉన్నప్పుడు ఆలోచన ఒక గీతలా సాగుతుంది. ఆ పది పేజీల్లో ఉన్న తెగువ తర్వాత 45 పేజీల్లో రాలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మొదటి దశలో పరీక్షకులకు మనం ఎవరో తెలియకూడదు. పార్ట్ బీలో, అంటే ప్రపోజల్ వివరంగా రాసే భాగంలో, సంస్థల పేర్లు, పొట్టి పేర్లు, లోగోలు, మనుషుల పేర్లు ఏవీ ఉండకూడదు. పేర్లు తీసేయడం నిమిషాల పని అనుకున్నాం. రెండు రోజుల ముందు, ఈ ప్రపోజల్‌తో ఏ సంబంధమూ లేని ఒక పీహెచ్‌డీ విద్యార్థినికి ఫైల్ ఇచ్చి, ఇది ఎవరిదో కనిపెట్టగలవేమో చూడు అన్నాను. నాలుగు నిమిషాల్లో కనిపెట్టేసింది. మేం "మా మునుపటి స్టడీలో" అని రాసి కింద రిఫరెన్స్ ఇచ్చాం, ఆ పేపర్ మొదటి రచయిత మా ప్రొఫెసర్‌గారే. ఇంకా ఘోరం, పేషెంట్లను ఎక్కడెక్కడ చేర్చుకుంటామో చూపే బొమ్మలో, కుడివైపు కింది మూలన, బూడిద రంగులో, పాత స్లైడ్ నుంచి వచ్చేసిన ఒక ఆసుపత్రి పొట్టి పేరు ఉంది. 200 శాతం పెద్దది చేస్తే గానీ కనబడదు. నేను ఆ బొమ్మను కనీసం నలభైసార్లు చూసి ఉంటాను. గుండె జారిపోయింది. ఆ రాత్రి కూర్చుని ప్రతి బొమ్మా మళ్లీ గీశాను, "మా" అన్న మాట ఉన్న ప్రతి వాక్యం తిప్పి రాశాను.

ఇంతలో, గడువుకు 12 రోజుల ముందు, సెప్టెంబర్ 7న ఒక వార్త వచ్చింది. బ్రిటన్ మళ్లీ హొరైజన్ యూరప్‌లో చేరుతోంది, 2024 జనవరి 1 నుంచి అమలు. అందరూ సంతోషించారు, నేను కూడా. మా స్టాటిస్టిక్స్, డేటా పనంతా చూసేది ఒక బ్రిటిష్ యూనివర్సిటీ యూనిట్. అప్పటిదాకా వాళ్ల డబ్బు వాళ్ల ప్రభుత్వం హామీ కింద ఇస్తుందని లెక్క, మా 60 లక్షల్లోంచి వాళ్లకు ఒక్క యూరో కూడా రాసుకోలేదు. మా కాల్ డబ్బు 2024 బడ్జెట్‌ది కాబట్టి ఇప్పుడు వాళ్లూ అందరిలాగే మా మొత్తంలోంచే తీసుకోవాలి. వాళ్లకు కావాల్సింది 5 లక్షల 40 వేలు. అంటే మిగతా అందరిదీ ఆ మేరకు తగ్గాలి.

మా పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. ఆ రోజే అందరికీ ఒక మెయిల్ రాసి, ఇదీ సంగతి, ఎవరిది ఎంత తగ్గిద్దామో మాట్లాడుకుందాం అని ఉండాల్సింది. మొదటి దశలో బడ్జెట్ వివరంగా అడగరు, మొత్తం అంకె రాస్తే చాలు. కాబట్టి "గెలిస్తే అప్పుడు చూద్దాం" అని ప్రొఫెసర్‌గారన్నారు, నేనూ సరేనన్నాను. నిజానికి అది మొహమాటం. చేరమని బతిమాలి తెచ్చుకున్నవాళ్లకు మూడు నెలలు తిరక్కుండా నీ వాటా తగ్గిస్తున్నాం అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ మొహమాటం వెల ఏడాది తర్వాత తెలిసింది.

సెప్టెంబర్ 19న మధ్యాహ్నం 2:10కి సబ్మిట్ చేశాం. తర్వాత మూడు నెలలు ఏమీ లేదు. మొదటి నెల హాయిగా ఉంటుంది, రెండో నెల మర్చిపోతాం, మూడో నెలలో ప్రతి పొద్దున పోర్టల్ తెరిచి చూస్తాం. డిసెంబర్ మధ్యలో రెండో దశకు పిలుపు వచ్చింది. అందులో నన్ను ఆశ్చర్యపరిచిన విషయం, మన ప్రపోజల్ గురించి వాళ్లేమన్నారో ఆ దశలో చెప్పరు. పిలుపు వచ్చినవాళ్లందరికీ కలిపి సాధారణ వ్యాఖ్యలు ఇస్తారు, మన సొంత మార్కులు, విమర్శలు రెండో దశ ఫలితం వచ్చాకే. ఎక్కడ బలహీనంగా ఉన్నామో తెలియకుండానే 45 పేజీలు రాయాల్సి వచ్చింది. గడువు 2024 ఏప్రిల్ 11. నాలుగు నెలలున్నట్టు కనబడుతుంది గానీ, సెలవులు పోను పని మొదలైంది జనవరి 8న.

జనవరి చివర్లో అందరినీ ఒక చోట కూర్చోబెట్టి రెండు రోజుల మీటింగ్ పెట్టాం. హాలు, భోజనాలు, పేషెంట్ల సంఘం నుంచి వచ్చినవాళ్ల ప్రయాణ ఖర్చు కలిపి 4,200 యూరోలయ్యాయి. ఇది మా డిపార్ట్‌మెంట్ భరించింది. గ్రాంట్ వచ్చినా సరే, ప్రపోజల్ తయారీకి పెట్టిన ఖర్చు గ్రాంట్‌లో చూపించుకోవడానికి వీల్లేదు. నా సమయమూ అంతే. డైరీలో రాసుకున్న లెక్క ప్రకారం మొత్తం 610 గంటలు పెట్టాను. ప్రపోజల్ రాసిపెట్టే కన్సల్టెంట్లను కూడా అడిగి చూశాం, ముందు కొంత, గెలిస్తే ఇంకొంత అన్నారు. ఆ ముందు కొంతకే మా దగ్గర డబ్బు లేదు.

మీటింగ్‌లో మొదటి రోజంతా సైన్స్. చాలా బాగా జరిగింది, అందరి మొహాల్లో ఉత్సాహం. డబ్బు విషయం రెండో రోజు భోజనం తర్వాత పెట్టాను. అప్పటికే ఇద్దరు ఫ్లైట్ ఉందని వెళ్లిపోయారు. అది రెండో తప్పు.

స్క్రీన్ మీద బడ్జెట్ పట్టిక పెట్టాను. ఒక్కో పేషెంట్‌కు ఒక్కో ఆసుపత్రి వేసుకున్న ఖర్చు ఒక కాలమ్‌లో ఉంది. అవే నాలుగు విజిట్లు, అవే రక్తపరీక్షలు, అదే ఎకో (గుండె స్కాన్). ఒక ఆసుపత్రి 900 యూరోలు రాసింది, ఇంకొకటి 2,700. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. 2,700 రాసినవాళ్లది దురాశ కాదు, వాళ్ల దేశంలో నర్సు జీతమే అంత, పైగా ఎకోకు వాళ్ల ఆసుపత్రి రిసెర్చ్‌కు వేరే రేటు వేస్తుంది. 900 రాసినవాళ్లు ఎకోను మామూలు చికిత్సలో భాగం అనుకుని లెక్కలో వేసుకోనే లేదు. అంటే తప్పు రేటుది కాదు, ఏది లెక్కలో చేర్చాలో మేం ముందే చెప్పకపోవడంది. ఇంకొకరు ల్యాబ్ పరీక్షలన్నీ సబ్‌కాంట్రాక్టింగ్ కింద, అంటే బయటి సంస్థకు డబ్బిచ్చి చేయించే పనిగా, వేశారు. పరోక్ష ఖర్చుల (కరెంటు, ఆఫీసులాంటివి) కింద వచ్చే 25 శాతం సబ్‌కాంట్రాక్టింగ్ మీద రాదు. ఆ సంగతి అక్కడ నేను చెబితేనే ఆయనకు తెలిసింది, వెంటనే పట్టికంతా మార్చమన్నారు.

ఆ గోల మధ్యలో పేషెంట్ల సంఘం ప్రతినిధి చెయ్యెత్తారు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, తనకే హార్ట్ ఫెయిల్యూర్ ఉంది, రెండు రైళ్లు మారి వచ్చారు. పట్టికలో తమ వరుస చూపించి నెమ్మదిగా అడిగారు, "మా వరుసలో సున్నా ఉంది. మేం చేసే పని ఏ పేజీలో ఉందో చూపిస్తారా?" ప్రశ్నపత్రం సరిగ్గా అర్థమవుతోందా, పేషెంట్లు నాలుగు విజిట్లకు నిజంగా రాగలరా, ఇవన్నీ ముందురోజు ఆవిడ చెబితేనే మేం మార్చుకున్నాం. ప్రపోజల్‌లో ఆ సంఘం పేరు పదకొండుసార్లు రాశాం. వాళ్ల సమయానికి మాత్రం డబ్బు రాయలేదు. నాకు చాలా సిగ్గేసింది. ఆ రాత్రే వాళ్లకు 40 వేల యూరోలు, ఒక పార్ట్‌టైమ్ మనిషి, వాళ్లే నడిపే ఒక టాస్క్ వేశాను. ఈ మొత్తం పనిలో నేను సరిగ్గా చేసిన వాటిలో అదొకటి.

బ్రిటన్ వాటా సంగతి ఆ రోజు అంత తేలిగ్గా తేలలేదు. సాయంత్రం అయిదయ్యేసరికి అందరూ అలసిపోయారు. చివరికి ప్రొఫెసర్‌గారు, అందరికీ సమానంగా 9 శాతం తగ్గిద్దాం, ఎవరికీ అన్యాయం జరగదు అన్నారు. అందరూ తలూపారు. సమానంగా తగ్గిస్తే న్యాయంగా ఉంటుందనిపిస్తుంది. కానీ 200 మంది పేషెంట్లను చూసుకోవాల్సిన ఆసుపత్రికీ, ఒక వెబ్‌సైట్ నడపాల్సిన పార్ట్‌నర్‌కూ 9 శాతం ఒకటే ఎలా అవుతుంది? పట్టికలో 24 పర్సన్ మంత్‌లున్న (ఒక మనిషి ఒక నెల చేసే పని ఒక పర్సన్ మంత్) చోట 21.84 అని వచ్చింది. ఆ దశాంశాలను చూసి నాకు మనసులో కలుక్కుమంది. అయినా నోరు మెదపలేదు, అప్పటికి అదైనా తేలింది చాలనుకున్నాను.

ఫిబ్రవరి, మార్చి నెలల గురించి ఎంత రాసినా తక్కువే. ఏడు వర్క్ ప్యాకేజీలు (ప్రాజెక్ట్ పనిని విడగొట్టిన భాగాలు), ఏడుగురు లీడర్లు, ఏడు రకాల ఇంగ్లిష్. ఒకరు నాలుగు పేజీలు అడిగితే పదకొండు పంపారు, ఇంకొకరు అర పేజీ పంపి "మిగతాది మీరు చూసుకోండి" అన్నారు. మొదటి రెండు వారాలు అందరూ ఒకే ఆన్‌లైన్ ఫైల్‌లో రాశారు. ఒకరు సరిచేసింది ఇంకొకరు తిరగరాసేవారు, ఒక పొద్దున చూస్తే స్టడీ డిజైన్‌లో పేషెంట్ల సంఖ్య మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది. ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. అసలు ఫైల్ నా దగ్గరే. బుధవారం సాయంత్రం చదవడానికి కాపీ పంపుతాను, వ్యాఖ్యలు సోమవారం పొద్దునకల్లా విడిగా రాసి పంపాలి, ఆలస్యమైతే తర్వాతి బుధవారం దాకా ఆగాలి. కొందరికి కోపం వచ్చింది. రెండు వారాలకు అలవాటు పడ్డారు.

కోతలు పెట్టడం అన్నింటికన్నా బాధ కలిగించిన పని. ఒక పెద్దాయన, ఆ రంగంలో ముప్పై ఏళ్లుగా ఉన్న మనిషి, వ్యాధి నేపథ్యం మీద నాలుగు పేజీలు రాశారు. ప్రతి వాక్యం నిజం, ప్రతి వాక్యం అందం. మాకున్న చోటు ముప్పావు పేజీ. మెయిల్‌లో చెప్పలేక ఫోన్ చేశాను. ఆయన కాసేపు ఆగి, "ఏది ఉంచుతారో ఒకసారి చదివి వినిపించండి" అన్నారు. చదివాను. రెండు మాటలు మార్చారు, బాగుందన్నారు. అప్పట్నుంచి ఎవరి రాత సగానికి మించి తగ్గించాల్సి వచ్చినా వాళ్లకు ఫోన్ చేసి చదివి వినిపించడం మొదలుపెట్టాను. టైమ్ పడుతుంది, కానీ ఎవరూ నొచ్చుకోలేదు, పైగా చదివేటప్పుడు నాకే తప్పులు దొరికేవి.

మార్చి 22, శుక్రవారం, సాయంత్రం నాలుగున్నరకు ఒక ఆసుపత్రి నుంచి మెయిల్. కొత్త డైరెక్టర్ వచ్చారు, ఈ ఏడాది కొత్త స్టడీలు వద్దన్నారు, క్షమించండి. గడువుకు ఇంకా 20 రోజులుంది. వాళ్లు చేర్చుకోవాల్సిన పేషెంట్లు 110 మంది. ఆ వారాంతం కంటిమీద కునుకు లేదు. రెండో దశ ప్రపోజల్ మొదటి దశలో చెప్పినదానికి పెద్దగా భిన్నంగా ఉండకూడదు, కాబట్టి 840ని 730 చేసేద్దాం అనడానికి లేదు, పైగా స్టాటిస్టిక్స్ చూసే ఆవిడ అంతకన్నా తగ్గితే ఫలితం తేలదని కచ్చితంగా చెప్పారు. 2023 ఏప్రిల్‌లో మొదటి రౌండ్‌లో మేం అడిగి, అప్పుడు చోటు లేదని పక్కన పెట్టిన ఒక ఆసుపత్రి డాక్టర్‌కు ఆదివారం ఫోన్ చేశాను. "పోయినేడాది వద్దన్నారు కదా" అని ఒక్క మాట అన్నారు, అంతే, తర్వాత ఆవిడే మంగళవారానికల్లా తన రిసెర్చ్ ఆఫీసు చేత ఒప్పించారు. 80 మంది ఆవిడ, మిగతా 30 మంది రెండు ఆసుపత్రులు పంచుకున్నాయి. వద్దని చెప్పాల్సి వచ్చినవాళ్లకు కూడా మర్యాదగా, కారణంతో సహా జవాబు రాసి ఉండటం మమ్మల్ని ఆ రోజు కాపాడింది.

పోర్టల్ గురించి ఒక్క మాట. ఆఖరి క్షణం దాకా ఆగాల్సిన పని లేదు, ఎన్నిసార్లయినా సబ్మిట్ చేయొచ్చు, గడువులోపు చివరిగా పంపిందే లెక్క. మేం ఏప్రిల్ 9నే అసంపూర్ణంగా ఉన్నా ఒకసారి పంపేశాం. అదే మేలైంది. వర్డ్‌లో 45 పేజీలున్న ఫైల్ పీడీఎఫ్ చేస్తే 46 అయింది. పరిమితి దాటిన పేజీలు పరీక్షకులకు కనబడవు, మా 46వ పేజీలో ఉన్నది రిఫరెన్సుల చివరి భాగం, అవీ ఆ 45లోనే లెక్క. క్లినికల్ స్టడీ వివరాలు మాత్రం విడి అనుబంధంగా ఇవ్వాలి, దానికి పేజీల పరిమితి లేదు. అందుకని ప్రోటోకాల్ వివరాల్లో కొన్ని అక్కడికి తరలించి గట్టెక్కాం. 11వ తేదీ మధ్యాహ్నం ఒంటిగంటకు చూస్తే పార్ట్ ఏలో, అంటే పోర్టల్‌లో నింపే ఫారాల్లో, ఒక పార్ట్‌నర్ బడ్జెట్‌కూ పార్ట్ బీలో వాళ్ల పట్టికకూ 12 వేల యూరోల తేడా. కొత్త ఆసుపత్రికి డబ్బు సర్దినప్పుడు ఒక చోట మార్చి ఇంకో చోట మర్చిపోయాను. సరిచేసి, మూడోసారి, 3:25కి పంపాం. ప్రొఫెసర్‌గారు నా పక్కనే నిలబడి ఉన్నారు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నేను ఇంటికెళ్లి పద్నాలుగు గంటలు నిద్రపోయాను.

గడువు నుంచి అయిదు నెలల్లోపు ఫలితం చెప్పాలన్నది వాళ్ల నియమం. ఆగస్టు చివర్లో వచ్చింది. 15కి 13.5. సైన్స్‌కు 4.5, ప్రభావానికి 5, అమలుకు 4. నిధులివ్వలేదు, రిజర్వ్ లిస్టులో పెట్టారు. పేషెంట్ల సంఘం పాత్రను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. అమలు కింద ఒక లోపం రాశారు, పేషెంట్లను చేర్చుకునే ఆసుపత్రులకు కేటాయించిన పర్సన్ మంత్‌లు వాళ్ల పనిభారానికి తగినట్టు లేవని, ఆ అంకెలు ఎలా వచ్చాయో వివరణ లేదని. 21.84. వివరణ ఎక్కడిది? సెప్టెంబర్ 7న చేయాల్సిన ఒక సంభాషణ చేయకపోవడమే దాని వివరణ. ఆ ఒక్క అర మార్కు ఉంటే 14 అయ్యేది, 14 వస్తే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు, కానీ నేను ఆ పేరాను చాలాసార్లు చదివాను.

రిజర్వ్ లిస్టు ఎలా ఉంటుందో ముందే తెలిస్తే మంచిది. అవునూ కాదు, కాదూ కాదు. మనకన్నా పైనున్నవాళ్లెవరైనా తప్పుకుంటేనో, డబ్బు మిగిలితేనో మన వంతు. గ్రాంట్ ఒప్పందాలు గడువు నుంచి ఎనిమిది నెలల్లోపు సంతకాలు కావాలి కాబట్టి డిసెంబర్ దాకా ఆశ ఉంటుందని లెక్కేసుకున్నాం. ఆ నాలుగు నెలలూ పార్ట్‌నర్ల నుంచి ఫోన్లు, "ఏమైనా తెలిసిందా?" అని. స్టాటిస్టిక్స్ యూనిట్‌లో ఈ ప్రాజెక్ట్ మీద పని చేయాలని ఎదురుచూసిన ఒక కుర్రాడి కాంట్రాక్ట్ అక్టోబర్‌లో అయిపోయింది, ఇంకో ఉద్యోగంలో చేరిపోయాడు. వెళ్తూ నాకు రాశాడు, శాంపిల్ సైజ్ లెక్కల కోడ్ ఫోల్డర్‌లో పెట్టానని, ఎలా నడపాలో కూడా రాసిపెట్టానని. ఆ మెయిల్ చదివినప్పుడు ఏడుపొచ్చింది. నిధులు రావని చెప్పిన డిసెంబర్ ఉత్తరం చదివినప్పుడు రాలేదు.

ఆ ఉత్తరాన్ని అందరికీ ఫార్వర్డ్ చేయకుండా, పన్నెండు సంస్థలకూ ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి చెప్పాను. రెండు రోజులు పట్టింది. చాలామంది మొదట అడిగింది ఒకటే, మళ్లీ ఎప్పుడు?

ఇది రాస్తున్నది 2025 జనవరిలో. సరిపోయే ఇంకో కాల్ ఒకటి చూసిపెట్టుకున్నాం. వచ్చే గురువారం ఆన్‌లైన్‌లో కలుస్తున్నాం, పదమూడు సంస్థల్లో పదకొండు వస్తామన్నాయి. ఎజెండాలో మొదటి అంశం బడ్జెట్. ఏయే ఖర్చులు లెక్కలో చేర్చాలో ఒక పేజీ రాసి, దాంతోపాటు పట్టికను ఖాళీగా పంపాను. ఎవరి వరుస వాళ్లే నింపి, పక్కన ఏ పనికి ఎన్ని నెలలో రాసి, మంగళవారానికల్లా పంపమన్నాను. పేషెంట్ల సంఘం వరుస నిన్న రాత్రే వచ్చేసింది, అందరికన్నా ముందు.